లైన్ వేగం పెంచితే సరిపోతుందా?

ప్రశ్న: మాది ఆన్‌లైన్‌లో వస్తువులు అమ్మే సంస్థ. మూడేళ్ల క్రితం పన్నెండు మందిమి ఉండేవాళ్లం, ఇప్పుడు డెబ్బై మందిమయ్యాం. ఎక్కువమంది ఇళ్ల నుంచి వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా ఆఫీసు నెట్‌వర్క్‌కు వేసే రహస్య దారి) ద్వారా ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వచ్చి పనిచేస్తారు. అమ్మకాలు పెరిగిన రోజుల్లో ఆర్డర్ల పేజీ తెరుచుకోవడం లేదు, కొనుగోలుదారులతో మాట్లాడుతుండగానే కాల్స్ తెగిపోతున్నాయి. ఇంటర్నెట్ లైన్ వేగం రెట్టింపు చేయిస్తే సరిపోతుందా? గిడ్డంగిలోని కంప్యూటర్‌ను ఇంటి నుంచి వాడుకోవడానికి రౌటర్‌లో రిమోట్ డెస్క్‌టాప్ పోర్టును (బయటి నుంచి ఆ కంప్యూటర్‌కు చేరే నంబరు గల ద్వారాన్ని) తెరిచి ఉంచాం. ఇందులో ప్రమాదమేమైనా ఉందా?

జవాబు: రెండో ప్రశ్నకే ముందుగా జవాబు చెబుతాను, ఎందుకంటే అది రేపటికి వాయిదా వేయదగినది కాదు. రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 పోర్టు ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్న చోటును వెతికి, పాస్‌వర్డులను ఒకదాని తర్వాత ఒకటిగా ప్రయత్నించే ప్రోగ్రాములు రాత్రింబవళ్లు పనిచేస్తూనే ఉంటాయి. ఫైళ్లకు తాళం వేసి డబ్బు డిమాండ్ చేసే రాన్సమ్‌వేర్ ముఠాలు సంస్థల్లోకి చొరబడే ప్రధాన మార్గాల్లో ఇదొకటి. పోర్టు నంబరు మార్చినంత మాత్రాన రక్షణ రాదు. దయచేసి ఈ రోజే దాన్ని మూసివేసి, ఆ కంప్యూటర్ అవసరమైనవారు వీపీఎన్ లోపలి నుంచే దాన్ని చేరేలా చేయండి.

ఇక వేగం సంగతి. మీ వీపీఎన్ బహుశా ఉద్యోగుల వీడియో సమావేశాలతో సహా మొత్తం ట్రాఫిక్‌ను ఆఫీసుకు రప్పించి, అక్కడి నుంచి మళ్లీ బయటకు పంపుతోంది. అంటే ఒకే సమాచారం మీ లైన్ మీదుగా రెండుసార్లు ప్రయాణిస్తుంది. లైన్ వేగం పెంచితే రద్దీ తగ్గవచ్చు గానీ దూరం తగ్గదు: ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళుతుంది కనుక, 1,000 కిలోమీటర్ల దూరంలోని ఆఫీసుకు వెళ్లి రావడానికే కనీసం 10 మిల్లీసెకన్లు పడుతుంది, మధ్యలోని రౌటర్ల ఆలస్యం దీనికి అదనం. అందువల్ల ఆఫీసులోని సర్వర్లకు వెళ్లవలసిన ట్రాఫిక్‌ను మాత్రమే వీపీఎన్‌లోకి పంపి, మిగిలినదాన్ని నేరుగా ఇంటర్నెట్‌కు వదిలే స్ప్లిట్ టన్నెలింగ్‌ను నేను మొదట సూచిస్తాను. అప్పుడు ఆ ట్రాఫిక్‌కు ఆఫీసు ఫైర్‌వాల్ రక్షణ ఉండదు; కాబట్టి ల్యాప్‌టాప్‌లను ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేయడం, డిస్కును ఎన్‌క్రిప్ట్ చేయడం తప్పనిసరి అవుతుంది.

డబ్బు ఖర్చుపెట్టే ముందు, రద్దీ రోజున వీపీఎన్ పరికరం ప్రాసెసర్ ఎంత నిండుతోందో, లైన్ అప్‌లోడ్ ఎంత నిండుతోందో చూడండి. ప్రాసెసరే నిండిపోతుంటే లైన్ పెంచడం వృథా. వీపీఎన్ టీసీపీ (దారిలో పోయిన ప్యాకెట్లను, అంటే సమాచారపు ముక్కలను, తిరిగి పంపే పద్ధతి) మీద నడుస్తుంటే, పోయిన ముక్క తిరిగి వచ్చేవరకు వెనకవి ఆగిపోయి కాల్స్ పాడవుతాయి. అలా తిరిగి పంపని యూడీపీ పద్ధతి మీద నడిచే వైర్‌గార్డ్ అనే వీపీఎన్, 2020 మార్చిలో వచ్చిన లినక్స్ 5.6 కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) నుంచి అందులో భాగంగానే ఉంది. దాన్ని పరీక్షించి చూడవచ్చు.

పాస్‌వర్డుకు తోడు రెండో ధ్రువీకరణ లేకుండా ఎవరినీ లోపలికి రానివ్వకండి. సందేశంలో వచ్చే కోడ్ కన్నా సెక్యూరిటీ కీ (లాగిన్ కోసం వాడే చిన్న పరికరం) మేలు. కొనుగోలుదారుల ఫిర్యాదులు చూసేవారికి ఆర్డర్ల పేజీ చాలు, గిడ్డంగి సర్వర్‌తో వారికి పని లేదు. ఎవరికి ఏది అవసరమో దానికే అనుమతినివ్వండి. పండుగల రద్దీకి తాత్కాలికంగా చేరినవారి ఖాతాలను వారు మానేసిన రోజే తొలగించండి. ఈ మార్పులను మొదట ఒక్క బృందంతో, అమ్మకాలు తక్కువగా ఉండే వారంలో ప్రయత్నించండి.