గుంటూరు నల్లరేగడిలో గోల్ఫ్ గ్రౌండు: ఎండలు ముదిరేలోపు పనులు, తీతువు గూళ్లు

గుంటూరు దగ్గర నల్లరేగడిలో బెర్ముడా గడ్డి వేసిన ప్రాక్టీసు గ్రౌండు, పక్కనే చిన్న చెరువు. ఎండలు ముదిరేలోపు ఏ పని ముందు, పక్షులకి ఏం చేయొచ్చు అన్నది మీ ప్రశ్న. ఈ రెండూ వేర్వేరు పనులు కావండి. మెషీన్లతో చేసేదంతా ఫిబ్రవరిలోనే ముగించండి, మార్చి నుంచి తీతువులు నేల మీదే గుడ్లు పెడతాయి.

ముందు గడ్డి. 25 మి.మీ. ఎత్తున ఉంటే ఒకేసారి బోడిగా కొట్టొద్దు. 18కి ఒకసారి, నాలుగు రోజులాగి 12కి ఇంకోసారి దించండి. రాలిన ఎండుగడ్డి మొత్తం ఊడ్చి తీసేయాలి, లేకపోతే నీళ్లు దాని మీదే ఆగిపోతాయి.

తర్వాత ఏరేషన్, అంటే గాలీ నీళ్లూ లోపలికి దిగేలా నేలకి రంధ్రాలు చేయడం. నల్లరేగడిలో అసలు చిక్కంతా ఇక్కడే. పిడికెడు మట్టి తీసి నొక్కండి. చేతికి జిగురుగా అంటుకుంటే ఆగాలి, ఎందుకంటే తడి మట్టిలో సూదులు దిగితే రంధ్రం గోడలు నున్నగా మూసుకుపోతాయి. మట్టిని ముక్కలుగా పైకి లాగే గుల్ల సూదుల మెషీనే వాడండి: 12 మి.మీ. సూది, 7–8 సెం.మీ. లోతు, 5 సెం.మీ. ఎడం. పైకొచ్చిన మట్టి ముక్కల్ని మళ్లీ అక్కడే చిదమకుండా ఎత్తేసి, రంధ్రాల్లో ఇసుక నింపండి. 100 చదరపు మీటర్ల నేల మీద 3 మి.మీ. మందాన ఇసుక పరచడానికి 0.3 ఘనపు మీటరు, రంధ్రాలకి దాదాపు ఇంకో అంత పడుతుంది. వెరసి 22 ఘనపుటడుగులు. రంధ్రాలు నింపకుండా పైన మాత్రమే ఇసుక పోస్తే, బంకమట్టి మీద ఇసుక పొర విడిగా నిలిచి వేళ్లు అందులోనే ఆగిపోతాయి. చవగ్గా వస్తుందని బాపట్ల వైపు సముద్రపు ఇసుక మాత్రం తేవద్దు, ఉప్పు ఉంటుంది.

వారం తర్వాత 100 చదరపు మీటర్లకి కిలో యూరియా, రెండు దఫాలుగా. ఆకు పొడిగా ఉన్నప్పుడు చల్లి వెంటనే నీళ్లు పెట్టండి. తడి ఆకు మీద పడితే మాడిపోతుంది. చెరువు గట్టు నుంచి 5 మీటర్లు యూరియా వద్దు, నీళ్లలోకి దిగితే నాచు కమ్మేస్తుంది. గట్టు చుట్టూ 2 మీటర్ల గడ్డి కోయకుండా వదిలితే తూనీగలకీ కప్పలకీ చోటు ఉంటుంది. స్ప్రింక్లర్లు పది నిమిషాలు, అరగంట విరామం, మళ్లీ పది నిమిషాలు. ఈ నేల నీటిని నిదానంగా తాగుతుంది, ఏకధాటిగా పెడితే పక్కకి జారిపోతుంది.

ఇక తీతువు. గూడంటూ కట్టదు, బోడి నేల మీద చిన్న గుంట, చుట్టూ నాలుగు రాళ్లు, అంతే. మామూలుగా నాలుగు గుడ్లు, మట్టిరంగు మీద నల్లమచ్చలు, గుడ్ల సన్నటి మొనలన్నీ లోపలికి తిరిగి ఉంటాయి. రెండడుగుల దూరం నుంచి చూసినా గులకరాళ్లే అనుకుంటాం. కాబట్టి తల్లి అరుస్తూ మీద మీదకి వస్తుంటే గడ్డి కోసే మూవర్ ఆపి వెతకండి. గూటి దగ్గరే కర్ర పాతితే కాకులకి చిరునామా చెప్పినట్టే. 5 మీటర్ల దూరంలో నాలుగు కర్రలు పాతి తాడు కట్టండి. గుడ్లు పొదగడానికి దాదాపు నాలుగు వారాలు పడుతుంది. పిల్లలు పుట్టిన ఒకటి రెండు రోజులకే నడిచి వెళ్లిపోతాయి గానీ ఎగరడానికి నెల పైనే. అప్పటిదాకా మూవర్ ముందు ఒక మనిషి నడవాలి. ఆట ఆగుతుందని సభ్యులు గొడవపడితే, 2019 నుంచి అమల్లో ఉన్న గోల్ఫ్ నియమాల్లో ‘నో ప్లే జోన్’ ఉంది. కమిటీ తాడు కట్టిన చోటుని అలా ప్రకటిస్తే అందులోంచి ఆడకూడదు, బంతి అక్కడ పడితే పెనాల్టీ లేకుండా బయట డ్రాప్ చేసుకోవాలి, అంటే చేత్తో కింద వదిలి అక్కడి నుంచి ఆడాలి.

పిచ్చుకలు గూడు పెట్టుకునే పెట్టెలు కూడా ఫిబ్రవరిలోనే పెట్టండి. రంధ్రం 32 మి.మీ. చాలు, 45 ఉంటే గోరింకలు ఆక్రమిస్తాయి. ఎనిమిది, పది అడుగుల ఎత్తున, తూర్పు ముఖంగా బిగించండి. పడమటి ఎండకి మే నెలలో పిల్లలు లోపలే ఉడికిపోతాయి. రేకు పెట్టెలు అసలు వద్దు.