జీలుగను పూతలోనే దున్నెయ్యి

చిరంజీవి సూరిబాబుకు పెదనాన్న ఆశీస్సులతో వ్రాయునది.

నగరంలో ఉద్యోగం మానుకొని ఆనందపురం దగ్గరి మన పొలం చేస్తానని నీవు చెప్పినప్పటి నుంచి నాకు సంతోషమూ ఉంది, కొంత బెంగా ఉంది. ఈ ఏడు వరికి ముందు పచ్చిరొట్టగా, అంటే పచ్చిగా ఉండగానే నేలలో కలియదున్నే ఎరువు మొక్కగా, జీలుగ వేస్తే నత్రజని కోసం చల్లే యూరియా మానేయవచ్చా అని మొన్న ఫోనులో అడిగావు. రెండు ముక్కల్లో తేల్చేసే సంగతి కాదు కనుక ఉత్తరం రాస్తున్నాను. మానేయవచ్చు అనలేను గాని, తగ్గించవచ్చు అని గట్టిగా అనగలను. అయితే ఎంత తగ్గుతుందన్నది నీవు వేసిన విత్తనం కంటే దానిని ఏ రోజున దున్నావన్న దాని మీదనే ఎక్కువ ఆధారపడి ఉంటుంది.

గాలిలో 78 శాతం నత్రజనే అయినా వరి మొక్క దానిలో పిసరంత కూడా నేరుగా తీసుకోలేదు. జీలుగ, జనుము, పిల్లిపెసర, అలసంద వంటి మొక్కల వేళ్ళలో రైజోబియం అనే సూక్ష్మజీవులు చేరి, చిన్న చిన్న బుడిపెలు కట్టి, మొక్క ఇచ్చే చక్కెర తింటూ, బదులుగా గాలిలోని నత్రజనిని మొక్కకు పనికివచ్చే రూపంలోకి మార్చి ఇస్తాయి. అందుచేత పైన పచ్చగా ఏపుగా ఉన్నదని మురిసిపోకుండా, కింద ఆ పని జరుగుతున్నదో లేదో చూసుకోవాలి.

చూడడం కష్టం కాదు. విత్తిన 30వ రోజు ప్రాంతంలో చేనులో నాలుగైదు చోట్ల ఒక్కొక్క మొక్కను పారతో మట్టిపెళ్ళతో సహా పైకి తియ్యి. చేత్తో పట్టి లాగితే బుడిపెలు నేలలోనే తెగి ఉండిపోతాయి, బుడిపెలే లేవని నీవు పొరబడతావు. ఆ మట్టిపెళ్ళను బకెట్ నీళ్ళలో కాసేపు నానబెట్టి మెల్లగా కడిగితే వేళ్ళకు ఆవగింజంతవి, మిరియపుగింజంతవి బుడిపెలు కనిపిస్తాయి. ఒకదానిని గోటితో చీల్చు. లోపల గులాబీ రంగో, లేత నెత్తుటి రంగో ఉంటే పని సాగుతున్నట్టు; తెల్లగా ఉంటే ఇంకా మొదలు కాలేదని గాని, అసలు పనిచేయడం లేదని గాని అర్థం; ఆకుపచ్చగానో గోధుమ రంగుగానో మారి ఉంటే దాని పని అయిపోయిందన్నమాట. మన నెత్తురుకు ఎరుపునిచ్చే పదార్థానికి దగ్గరి చుట్టమే ఆ బుడిపెలోనూ ఉంటుంది. ఇది తెలిసిన రోజున నేను గట్టు మీద కూర్చుని బుడిపెలు చీలుస్తూ ఉండిపోయి మధ్యాహ్నం భోజనానికి ఆలస్యంగా వచ్చానని మీ పెద్దమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

చెరువు కింది పల్లానికి జీలుగ వెయ్యి, గరువుకు, అంటే మెరక నేలకు, జనుము వెయ్యి. ఈ రెండూ తారుమారు చేయవద్దు. జీలుగ నీరు నిలిచినా, కొద్దిపాటి చౌడు ఉన్నా తట్టుకుంటుంది. జనుము మన ఎర్రనేలలో చక్కగా పెరుగుతుంది గాని, నీరు నిలిస్తే కుళ్ళిపోతుంది. ఏదైనా ఎకరాకు 12 నుంచి 15 కిలోల విత్తనం పడాలి. ఒత్తుగా వేస్తేనే కాడ లావెక్కకుండా, రొట్ట మెత్తగా ఉంటుంది. వ్యవసాయ శాఖ వారు రాయితీపై ఇచ్చే విత్తనం అందితే మంచిదే. బయట కొంటే మాత్రం ముందుగా వంద గింజలు తడిగుడ్డలో కట్టి మొలక చూడు. ఒక దుకాణంలో కొన్న జీలుగ మూడోవంతు కూడా మొలవక నేను ఒక ఏడాదంతా నష్టపోయాను. మునుపు జీలుగ ఎన్నడూ పండని మడి అయితే రైజోబియం పొడిని బెల్లపు నీళ్ళతో విత్తనానికి పట్టించి నీడలో ఆరబెట్టి విత్తాలి. పెసరకు ఇచ్చే పొడి జీలుగకు పనికిరాదు. జీలుగకు జీలుగదే అడిగి తెచ్చుకో. వరికి భాస్వరం కోసం వేయదలచిన సూపర్ ఫాస్ఫేటులో కొంత జీలుగ విత్తేటప్పుడే వేస్తే అది వృథా పోదు, రొట్టతో పాటు తిరిగి మడికే చేరుతుంది.

రోహిణి కార్తెలో తొలి వాన పడగానే విత్తితే జూలై మూడో వారానికి 45 నుంచి 50 రోజుల పైరవుతుంది. అక్కడక్కడ పసుపు పూలు విచ్చే ఆ వారమే దున్నవలసిన అదను. ఇక్కడ నేను చేసిన తప్పు నీకు చెప్పాలి. ఒకసారి చేను నిండా పూత చూసి, నాలుగు బస్తాల విత్తనం అమ్ముకోవచ్చునని ఆశపడి కాయ ముదిరేదాకా ఆగాను. మొక్క కూడబెట్టిన నత్రజనిలో పెద్ద భాగం గింజలోకి వెళ్ళి బస్తాలకెక్కింది. మడిలో మిగిలినది కట్టె. ఆ కట్టెలు రోటవేటరు కత్తులకు చుట్టుకొని ట్రాక్టరు అబ్బాయి గంటకొకసారి దిగి కొడవలితో కోసి తీయవలసి వచ్చింది. అంతకంటే కష్టం నాట్లయిన తరువాత మొదలైంది. ముదిరిన కాడను కుళ్ళబెట్టే సూక్ష్మజీవులకు వాటి సొంత తిండికే నత్రజని చాలక నేలలో ఉన్నది కూడా లాక్కున్నాయి. మూడు వారాల పాటు నా స్వర్ణ వరి పసుపు పచ్చగా నిలబడిపోతే, పచ్చిరొట్ట వేసిన మడికే అందరికంటే ఎక్కువ యూరియా చల్లాను.

లేత రొట్టను దమ్ములో, అంటే మడికి నీరు పెట్టి బురదగా దున్నేటప్పుడు, కలియదున్ని, పలుచగా నీరు పెట్టి వారం పది రోజులు మగ్గనిచ్చి నాటు పెట్టు. గరువులో కూరగాయలకైతే నేలలో పదును, అంటే సరిపడా తడి, చూసి దున్ని, రెండు మూడు వారాలు ఆగిన తరువాతనే నారు నాటాలి. పదును లేకుండా దున్నితే రొట్ట ఎండుతుందే తప్ప కుళ్ళదు.

ఇక లెక్క. దున్నే ముందురోజు చదరపు మీటరు మేర మొక్కలు కోసి తూచు. కిలోన్నర తూగితే ఎకరాకు సుమారు ఆరు టన్నుల పచ్చిరొట్ట ఉన్నట్టు. పచ్చిరొట్ట బరువులో నత్రజని అర శాతానికి కాస్త అటూ ఇటూగా ఉంటుంది గనుక, ఆరు టన్నులలో 25 నుంచి 30 కిలోల నత్రజని ఉంటుంది. ఇప్పటి 45 కిలోల యూరియా బస్తాలో ఉన్నది దాదాపు 21 కిలోలు. కాగితం మీద ఇది బస్తా కంటే ఎక్కువే అయినా, అందులో కొంత ఆ నేలలోనిదే తిరిగి నేలకు వచ్చినది, మరికొంత ఈ పంటకు అందక తరువాతి పంటకు మిగులుతుంది. కాబట్టి మొదటి ఏడాది ఎకరాకు 30 కిలోల యూరియాకు మించి తగ్గించవద్దు. అదీ మొదటి దఫాలో తగ్గించి, పిలకల దశలో ఆకు రంగు చూసుకొని తరువాతి మాట ఆలోచించు. పొటాషు మాత్రం జీలుగ గాలి నుంచి తెచ్చి పెట్టదు, దానిని మానవద్దు.

వరి కోతల ముందు చల్లే మినుము, పెసర కూడా నత్రజని ఇస్తాయి కదా అని మన ఊళ్ళో అంటారు. కాయ కోసుకొని, మొక్కను పీకి పశువులకు వేసిన తరువాత నేలకు మిగిలేది స్వల్పమే. ఆ పంటను పంటగానే లెక్కపెట్టు, ఎరువుగా కాదు. గట్ల మీద గ్లైరిసీడియా కొమ్మలు నాటి ఉంచు, ఆ చెట్టు ఆకూ కొమ్మా కోసి రొట్టగా వేసుకోవచ్చు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపానుకు గట్ల మీది పెద్ద చెట్లన్నీ కూలినా, విరిగిన గ్లైరిసీడియా మొదళ్ళు మళ్ళీ చిగిర్చి ఆ మరుసటి సార్వాకే, అంటే వానకాలపు వరికే, రొట్ట ఇచ్చాయి.

ముప్పయ్యో రోజున బుడిపె చీల్చినప్పుడు లోపలి రంగేమిటో నాకు ఫోను చేసి చెప్పు. తెల్లగా ఉన్నదంటే నేనే ఉదయం బస్సుకు బయలుదేరి వస్తాను. నేను చూసేవరకు మిగతా మొక్కలు తవ్వకుండా ఉంచు.

ఇట్లు
మీ పెదనాన్న