తాళాలు ఇచ్చే ముందు

చిన్నీ,

నువ్వు కొన్న సెకండ్ హ్యాండ్ కారు నీళ్లలో మునిగిందేమోనని అనుమానం వచ్చి, శనివారం వెళ్లి తాళాలు డీలరు బల్ల మీద పడేసి వస్తానన్నావట, మీ అమ్మ చెప్పింది. ఎవరినీ వెంటబెట్టుకోకుండా నీ గొడవ నువ్వే తేల్చుకుంటానన్నందుకు నాకు గర్వంగానే ఉంది. కానీ తాళాలు మాత్రం పడేయకు.

కార్పెట్ కింద ఒండ్రు, సీటు పట్టాలకు తుప్పు ఫోటోల్లో చూశాను. సీటు బెల్టు చివరిదాకా లాగి చూడు, నీటి మరక అక్కడా దొరకొచ్చు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో ఎన్ని బండ్లు మునిగాయో చూసినవాణ్ణి. నీది వాటిలోదే అనడం లేదు. కంపెనీ సర్వీస్ సెంటర్లో హిస్టరీ అడిగి కాగితం మీద తీసుకో. ‘నీళ్లలో మునగలేదు, నాది పూచీ’ అని డీలరు పెట్టిన వాట్సాప్ మెసేజ్ డిలీట్ చేయకు.

మీ నాన్న సంగతి నీకు తెలియదు, నువ్వప్పుడు చిన్నపిల్లవి. సెకండ్ హ్యాండ్ వ్యాను కొన్నాడు, ఇంజను పొగ. వెనక్కివ్వడానికి వెళ్తే డీలరు కుర్చీ వేసి, టీ తెప్పించి, ‘అన్నా, పెట్టి వెళ్లు, చూసుకుంటా’ అన్నాడు. మీ నాన్నకు ఎవరైనా అన్నా అంటే చాలు కదా! రెండు తాళాలూ, ఒరిజినల్ ఆర్సీ ఇచ్చేసి ఆటోలో ఇంటికొచ్చాడు. రసీదు లేదు. కిలోమీటరు రీడింగు ఫోటో కూడా లేదు. కొన్నాళ్లకు డబ్బులడిగితే, ‘నువ్వు పార్క్ అండ్ సేల్‌కి పెట్టావు కదన్నా, బేరం రాలేదు’ అన్నాడు. అంటే అమ్మిపెట్టమని తన దగ్గర ఉంచాడని. వ్యాను అప్పటికే ఎవరికో అద్దెకు తిరుగుతోంది. ఫైనాన్సువాళ్లకు ఇవేవీ పట్టవు, కంతు కట్టాల్సిందే. చలానా వస్తే మీ నాన్న పేరునే. మీ అమ్మ ఆ ఏడాదంతా నోరెత్తలేదు. అదే నాకు ఎక్కువ బాధ.

అందుకే చెబుతున్నా, బండి అప్పగిస్తే ‘లోపం వల్ల వాపసు’ అని తేదీ, రీడింగు వేసి సంతకం, ముద్ర తీసుకో. ఇవ్వనంటే బండి తిరిగి తెచ్చుకో. ఈఎంఐ ఆపకు.

ముందు బండి వెనక్కి తీసుకుని డబ్బివ్వమని డీలరుకు లెటర్ రాసి స్పీడ్ పోస్టులో పంపు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం లోపమున్న సరుకును బిల్లులో ఉన్న గడువులో, గడువు రాయకుంటే 30 రోజుల్లో, వెనక్కి తీసుకుని డబ్బివ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. ‘ఉన్నది ఉన్నట్టు కొన్నాను’ అని నీ చేత సంతకం పెట్టించుకున్నాడని భయపడకు, మునిగిన సంగతి దాచి అమ్మితే అడిగే హక్కు పోదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యి. దారికి రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. నువ్వుండే చోటే కేసు వేయొచ్చు, రెండేళ్లలోపు. కారు ఐదు లక్షల లోపుది కాబట్టి ఫీజు కూడా లేదు. షాపు బిల్లు ఉండబట్టి సరిపోయింది, ఎవరో ఓనరు దగ్గర కొనుంటే ఆ కమిషన్ తలుపు తట్టడం కష్టమయ్యేది.

లెటర్ రాసి నాకు పంపు. కోపంలో రాసిన ముక్కలు కొట్టేస్తా, తిట్టుకోకు. ఇంకోటి, దసరాకి ఆ కార్లో రావద్దు. నీళ్లు తాగిన వైరింగుని, ఎయిర్‌బ్యాగుల్ని నేను నమ్మను. బస్సెక్కు. స్టాండుకి నేనొస్తా.

మీ మామయ్య