అనుభవం మెదడులో వీడియోలా ఒకేచోట రికార్డ్ అవుతుందా?

అవదు. ఒక అనుభవం తాలూకు ముక్కలు మెదడులో వేర్వేరు చోట్ల ఉంటాయి, గుర్తు చేసుకున్న ప్రతిసారీ మెదడు వాటిని మళ్లీ కూర్చుకుంటుంది.

ఎందుకంటే చూపు, శబ్దం, వాసన, భయం లాంటి ఒక్కోదాన్ని ఒక్కో ప్రాంతం చూసుకుంటుంది. సాయంత్రం విశాఖ ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ తింటున్నారనుకోండి. ఎదురుగా ఉన్న కురుసుర సబ్‌మెరైన్ రూపం తల వెనకభాగంలోని దృశ్య ప్రాంతాన్ని కదిలిస్తుంది, అలల హోరు కణతల లోపలుండే శ్రవణ ప్రాంతాన్ని, పొట్లంలోంచి వచ్చే ఉల్లిపాయ, నిమ్మరసాల ఘాటేమో వాసనని పసిగట్టే ప్రాంతాన్ని. వీటన్నిటినీ ఒకే సంఘటనగా ముడివేసేది మెదడు లోపలుండే హిప్పోకాంపస్ అనే భాగం, అందుకే ఏళ్ల తర్వాత ఇంకే ఊళ్లోనో ఆ ఘాటు ముక్కుకి తగిలితే చాలు, ఆ సాయంత్రమంతా కళ్లముందుకొస్తుంది. 1953లో మూర్ఛ తగ్గించడానికి చేసిన ఆపరేషన్‌లో హెన్రీ మొలైసన్ అనే రోగికి రెండువైపులా హిప్పోకాంపస్‌ని చాలావరకు తీసేశారు. చిన్ననాటి సంగతులు ఆయనకి గుర్తున్నాయి గానీ, కొత్తగా జరిగినవి నిమిషాల్లో చెరిగిపోయేవి.

చాలామంది పొరబడేది ఒకచోట: "నాకు కళ్లకి కట్టినట్టు గుర్తుంది, కాబట్టి అలాగే జరిగింది" అంటారు. స్పష్టత వేరు, నిజం వేరు. మళ్లీ కూర్చేటప్పుడు తర్వాత విన్న మాటలు, చూసిన ఫొటోలు కూడా కలిసిపోతాయి, అలా కలిసినట్టు మనకి తెలీదు. ఒకే పెళ్లికి వెళ్లొచ్చిన అన్నదమ్ములు రెండు రకాలుగా చెప్తున్నారంటే ఇద్దరిలో ఒకరు అబద్ధమాడుతున్నట్టు కాదు.