బాతు అరిచినట్టు దగ్గుతున్న పామ్: సిరప్ పోయొచ్చా?

ప్రశ్న: మా పామేరియన్‌కు తొమ్మిదేళ్లు, బరువు 9 కిలోలు. బెల్టు లాగినా, ఇంటికి ఎవరైనా వచ్చినా, నీళ్లు తాగినా బాతు అరిచినట్టు దగ్గుతోంది. చివర్లో కక్కబోయినట్టు చేసి కాస్త నురగ వదులుతుంది. తిండి మామూలే. మందుల షాపులో పిల్లల దగ్గు సిరప్ ఇచ్చారు. పోయొచ్చా?
- ఒక పాఠకురాలు, గుంటూరు

సలహా: వద్దండీ. మనుషుల దగ్గు, జలుబు సిరప్‌లు చాలావాటిలో పారాసిటమాల్ కలిసి ఉంటుంది. అది కుక్కల కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ముక్కుదిబ్బడ తగ్గించే ఫినైలెఫ్రిన్ లాంటివి గుండె మీద భారం వేస్తాయి.

మీరు చెప్పిన తీరును బట్టి మొదట అనుమానించాల్సింది ట్రేకియల్ కొలాప్స్, అంటే శ్వాసనాళం అణిగిపోవడం. శ్వాసనాళాన్ని తెరిచి ఉంచేవి ఇంగ్లిష్ ‘సి’ ఆకారపు మృదులాస్థి వలయాలు. వాటి వీపువైపు ఖాళీని ఒక పొర మూసి ఉంచుతుంది. వలయాలు మెత్తబడితే పొర లోపలికి జారి గాలిదారి నొక్కుకుపోతుంది. దగ్గినకొద్దీ గోడలు వాస్తాయి, ఆ వాపు మళ్లీ దగ్గు తెప్పిస్తుంది. పామ్, యార్కీ, చివావా, పగ్‌లలో ఇది ఎక్కువ.

అయితే ఈ వయసులో గుండె సంగతీ తేల్చుకోవాలి. చిన్న జాతుల్లో గుండెలోని మైట్రల్ కవాటం లీకవడం మామూలే, రెండు జబ్బులూ కలిసి ఉండటమూ అరుదు కాదు. ఇంట్లోనే ఒకటి చూడండి. కుక్క గాఢ నిద్రలో ఉన్నప్పుడు ఛాతీ లేచి పడితే ఒక శ్వాస. 30 సెకన్లు లెక్కపెట్టి రెట్టింపు చేయండి. నిమిషానికి 30 లోపు ఉండాలి. కలలో కాళ్లాడిస్తుంటే ఆ లెక్క పనికిరాదు. రోజూ 30 దాటుతుంటే అపాయింట్‌మెంట్ ముందుకు జరపండి.

దగ్గును ఫోన్‌లో వీడియో తీయండి. క్లినిక్‌లో బల్ల ఎక్కిస్తే చాలా కుక్కలు దగ్గవు. ఎక్స్‌రే మెడకూ ఛాతీకీ, గాలి పీల్చినప్పుడూ వదిలినప్పుడూ తీయాలి. మెడ భాగం పీల్చేటప్పుడు, ఛాతీలోని భాగం వదిలేటప్పుడు అణుగుతుంది. కాబట్టి ఒక్క ఎక్స్‌రే బాగుందని జబ్బు లేదనుకోలేం. స్టెతస్కోప్‌లో మర్మర్ (గుండె చప్పుడులో అసహజ శబ్దం) వినిపిస్తే ఎకో, అంటే గుండె స్కాన్ చేయించాలి. స్థానికంగా కుదరకపోతే గన్నవరం పశువైద్య కళాశాలకు రాయించుకోండి.

మందులకన్నా ముందు బరువు. మన ఇళ్లలో పామ్ అని పిలిచేవాటిలో చాలావరకు ఇండియన్ స్పిట్జ్‌లు, అసలు పామేరియన్ మహా అయితే 3 కిలోల పైచిలుకే. కాబట్టి అంకె కన్నా పక్కటెముకలను నమ్మండి: వేళ్లతో తడిమితే తేలిగ్గా తగలాలి. తగలకపోతే వారానికి 90 నుంచి 180 గ్రాములు తగ్గేలా చూడండి, అంతకన్నా వేగం వద్దు. ముందు మానాల్సింది టీతో పాటు పెట్టే బిస్కెట్లు. ఎవరికీ తెలియకుండా ఇంట్లో తలా ఒకటి పెడుతుంటారు!

మెడ బెల్టు ఈరోజే తీసేసి, ఛాతీకి కట్టే హార్నెస్ వాడండి. దోమల కాయిల్, అగరుబత్తి, సాంబ్రాణి పొగ దాని దగ్గరికి రానివ్వొద్దు. వేసవిలో నడక ఎండెక్కకముందే ముగించండి. దగ్గు తగ్గించే మందు, కొద్దిరోజుల స్టెరాయిడ్ డాక్టర్ రాస్తే వాడండి గానీ, పాత చీటీ చూపించి మళ్లీ కొనొద్దు. స్టెరాయిడ్‌తో ఆకలి పెరిగి బరువు మళ్లీ మొదటికొస్తుంది.

చిగుళ్లు నీలంగా గానీ తెల్లగా గానీ మారినా, మెడ చాచి మోచేతులు ఎడంగా పెట్టి కూర్చున్నా, సొమ్మసిల్లినా రాత్రి అని ఆగొద్దు. ఏసీ వేసిన కారులో, నోట్లో నీళ్లు పోయకుండా, ఛాతీ నొక్కుకోకుండా ఎత్తుకుని తీసుకెళ్లండి.