పనిలో చేరితే ఈఎస్ఐ డబ్బులు ఆగిపోతాయా?

ప్రశ్న: నా వయసు 36. పటాన్‌చెరు దగ్గర ఒక ఫ్యాక్టరీలో పవర్ ప్రెస్ ఆపరేటర్‌ని. ఐదు నెలల కిందట ప్రెస్ కింద పడి ఎడమచేతి నాలుగు వేళ్లు పోయాయి, బొటనవేలు మిగిలింది. గాయం మానింది కానీ ఏదైనా తగిలితే ప్రాణం జివ్వుమంటుంది. పనిలో చేరితే ఈఎస్ఐ డబ్బులు ఆగిపోతాయని, మెడికల్ బోర్డు అయ్యేదాకా ఇంట్లోనే ఉండమని తోటివాళ్లు అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, సంగారెడ్డి జిల్లా

జవాబు: వాళ్లు చెప్పింది సగమే నిజం. మీకు ఇప్పుడు వస్తున్నది తాత్కాలిక వైకల్య భృతి, జీతంలో 90 శాతం. పనిచేసి జీతం తీసుకున్న రోజుకు అది రాదు. బోర్డు శాశ్వత వైకల్యం తేల్చాక ఇచ్చే శాశ్వత వైకల్య భృతి వేరు. ఒక చేతి నాలుగు వేళ్లూ పోతే సంపాదన శక్తి 50 శాతం తగ్గినట్టు చట్టంలోని పట్టికలో ఉంది. ఇప్పుడు రోజుకు 540 రూపాయలు వస్తుంటే అప్పుడు 270 వస్తుంది, జీవితాంతం. మీరు ఉద్యోగం చేసుకున్నా, పాత జీతమే తెచ్చుకున్నా అది ఆగదు. ఈ సంగతి తెలియక మంచి పనివాళ్లు ఏళ్ల తరబడి ఇంట్లో కూర్చోవడం చూస్తుంటే బాధేస్తుంది.

బోర్డు తేదీ కోసం చూస్తూ చేతిని మాత్రం ఖాళీగా ఉంచకండి. తెగిన చోట నరాల చివరలు అతిగా స్పందించడం వల్లే ఆ జివ్వుమనడం. రోజుకు మూడు నాలుగుసార్లు, ఐదేసి నిమిషాలు, మొదట దూదితో, అలవాటయ్యాక టవల్‌తో మెల్లగా రుద్దండి. ఆ తర్వాత బియ్యం గిన్నెలో చెయ్యి పెట్టి తిప్పండి. ఒకే చోట నొక్కితే కరెంట్ కొట్టినట్టుంటే అక్కడ నరం చివర చిన్న గడ్డ ఏర్పడి ఉండొచ్చు, సర్జన్‌కు చూపించండి. బొటనవేలు ఉండటం మీకు పెద్ద బలం. దానికి ఎదురుగా ఆనుకునేలా గట్టి కృత్రిమ భాగం అమరిస్తే వస్తువు పట్టుకోగలరు. కృత్రిమ అవయవాలు ఈఎస్ఐలో ఉచితమే. అందం కోసం పెట్టే సిలికాన్ వేళ్లతో బరువు పనులు కావు, అది ముందే తెలుసుకోండి.

ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌లో ‘లైట్ వర్క్’ అని రెండు ముక్కలు రాయించుకుంటే లాభం లేదు. సూపర్‌వైజర్‌కు దాంతో ఏం అర్థమవుతుంది? ఎడమచేత్తో ఎన్ని కిలోలు ఎత్తొచ్చు, ఏ మెషీన్లకు దూరంగా ఉండాలి, క్వాలిటీ చెకింగ్, స్టోర్స్‌లాంటి పనుల్లో ఏది చేయగలరు అనేది విడిగా రాయమని డాక్టర్‌ని అడగండి. ప్రభుత్వ సంస్థ అయితే 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ఉద్యోగం తీసేయకూడదు, వేరే పని చూపించాలి. ప్రైవేటులో ఆ రక్షణ అంత గట్టిగా లేదు, అందుకే కాగితం గట్టిగా ఉండాలి.

అక్కడ కుదరకపోతే హైదరాబాద్ విద్యానగర్‌లోని నేషనల్ కెరీర్ సర్వీస్ సెంటర్‌లో వికలాంగులకు వృత్తి శిక్షణ ఇస్తారు. పని ప్రమాదంలో 40 శాతం పైగా వైకల్యం వచ్చి, వయసు 45 దాటని కార్మికుడికి శిక్షణ ఉన్నన్నాళ్లూ ఈఎస్ఐ భత్యం ఇస్తుంది. శిక్షణ ఫీజు, రోజుకు 123 రూపాయలు, రెండింట్లో ఏది ఎక్కువైతే అది. మీ ఈఎస్ఐ బ్రాంచ్ ఆఫీసులో ‘వొకేషనల్ రిహాబిలిటేషన్ అలవెన్స్’ అని ఈ భత్యం పేరు చెప్పి అడగండి.

ఇంకొకటి, మీరు రాయలేదు కానీ అడుగుతున్నాను. ప్రెస్ చప్పుడు తలచుకుంటే గుండె దడ, రాత్రుళ్లు పీడకలలు ఉన్నాయా? ఉంటే సైకియాట్రిస్ట్‌ను కలవండి, అది పిరికితనం కాదు. చేరిన కొత్తలో ఆ షెడ్డు వైపే వెళ్లకుండా డ్యూటీ వేయించుకోండి.