ఇంట్లోనే ఫస్ట్ షో: మిల్లు ఖాతాలో రాయొచ్చా?

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. రైస్ మిల్లు ఉంది. కొత్తింటి మేడ మీద హోమ్ థియేటర్ కడుతున్నాం. విడుదల రోజే తెలుగు సినిమా ఇంటికొచ్చే బాక్సు ఇస్తామని ఒకరు 5 లక్షలు అడ్వాన్సు అడుగుతున్నారు. 10 లక్షలు పర్సనల్ లోన్ తీసుకుని, బిల్లులు మిల్లు పేరిట రాయించుకోవచ్చా?

జవాబు: ముందు ఆ అడ్వాన్సు ఆపండి. కొత్త సినిమాను స్టూడియోలే ఇంటికి పంపే పద్ధతి అమెరికాలో ఉన్నమాట నిజమే. 2019లో వార్తల్లోకొచ్చిన రెడ్ కార్పెట్ హోమ్ సినిమా అనే సంస్థ బాక్సుకే అప్పట్లో 15,000 డాలర్లు. ఆపైన సినిమాకు 1,500 నుంచి 3,000 డాలర్లు; అదీ 36 గంటల్లో రెండుసార్లు చూడ్డానికి. డాలరు 90 రూపాయలు వేసుకుంటే ఒక్క బొమ్మకు తక్కువలో తక్కువ 1.35 లక్షలు! అవన్నీ హాలీవుడ్ సినిమాలే. తెలుగు సినిమా ఇస్తామనేవాళ్లను నిర్మాతతో రాసుకున్న ఒప్పందం చూపమనండి. చూపకపోతే దొంగ ప్రింటేనని లెక్క. పెద్ద సినిమాలు కూడా చాలావరకు నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో ఓటీటీకి వచ్చేస్తున్నాయి. ఈలోపు ఆగలేకపోతే పార్వతీపురం వెళ్లి చూసిరండి.

లోను సంగతి. 10 లక్షలకు 12 శాతం వడ్డీ, ఐదేళ్లు అంటే నెలకు 22,244 రూపాయలు, వడ్డీయే 3.35 లక్షలు. ధాన్యం కొనే సీజన్లో ఆ వాయిదా బరువు తెలుస్తుంది. పోనీ మిల్లు సీసీ (క్యాష్ క్రెడిట్) ఖాతా నుంచి తీద్దామంటే, అది స్టాకు మీద బ్యాంకు ఇచ్చిన డబ్బు. సరుకు తగ్గితే నెలవారీ స్టాక్ స్టేట్‌మెంటులో డ్రాయింగ్ పవర్ (ఖాతాలోంచి తీసుకోగల పరిమితి) పడిపోతుంది, మేనేజరు ఫోన్ చేస్తాడు.

మిల్లు పేరిట బిల్లు అసలు వద్దు. ప్రొజెక్టరు మీద జీఎస్టీ 18 శాతం, అంటే 4 లక్షల సరుకుకు 72 వేలు. సొంత వాడకానికి ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని మిల్లు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకోవడం) రాదు; తీసుకుని వాడేస్తే వడ్డీతో సహా కట్టాలి. ఆదాయపు పన్నులోనూ అది ఖర్చు కింద చెల్లదు. మిల్లు డబ్బే వాడాలంటే డ్రాయింగ్స్‌లో, అంటే యజమాని సొంతానికి తీసుకున్న డబ్బు కింద రాయండి.

చేతిలో ఉన్న డబ్బుతోనే కట్టండి. 120 అంగుళాల తెరకు కుర్చీలు 12 అడుగుల దూరంలో ఉంటే చాలు. ల్యాంపు ప్రొజెక్టరు చవకే గానీ 3–5 వేల గంటలకు బల్బు మార్చాలి. పైగా కరెంటు ఠక్కున పోతే ఫ్యాను ఆగి, ల్యాంపు వేడికి దెబ్బతింటుంది. లేజర్‌ది దాదాపు 20 వేల గంటలు. ఏది కొన్నా ఆన్‌లైన్ యూపీఎస్ (కరెంటు పోయినా క్షణం కూడా సరఫరా ఆగనివ్వని రకం), మంచి ఎర్తింగ్ తప్పవు. సర్వీసు సెంటరు విశాఖలోనా, భువనేశ్వర్‌లోనా అడగండి. రానుపోను రవాణా వారంటీలో ఉందని బిల్లు మీదే రాయించుకోండి.